బావ అద్దెకు దిగిన వానాకాలం

ఆ వానాకాలం మా అక్క తన సొంత మొగుణ్ణి తన మేడలోనే అద్దెవాడిగా పెట్టింది. వినడానికి నవ్వొస్తుంది. మేమూ నవ్వాం. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా బావే.

అక్కకి ఇళ్ళ పిచ్చి. నగలు, చీరలు చూపిస్తే మొహం తిప్పుకునే మనిషి, పెచ్చులూడిన మేడ కనబడితే మాత్రం నడిరోడ్డు మీద నిలబడిపోతుంది. పాత ఇల్లు కొనడం, బాగుచేయించడం, అద్దెకివ్వడం, వచ్చిన అద్దెతో బ్యాంకు కిస్తీ కట్టడం, ఆ ఇంటిని చూపించి ఇంకో ఇంటికి లోను అడగడం, ఇదీ ఆవిడ వ్యాపారం. నేను కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేదాన్ని. వాళ్ళిద్దరితోనే ఉండేదాన్ని. ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే అయినా, బావ ఉన్నాడు కాబట్టి పదిమంది ఉన్నట్టుండేది.

"ఎండలో ఏ ఇల్లయినా బుద్ధిగానే కనిపిస్తుందే. వానలో వెళ్ళి చూడాలి," అనేది అక్క. అందుకే ఆ మేడ చూడడానికి కూడా కుండపోతగా కురుస్తున్న పూటే మమ్మల్ని బయల్దేరదీసింది. ఆవిడ ముందు, నేను గొడుగు పట్టుకుని ఆవిడ వెనక, బావ గొడుగు లేకుండా మా ఇద్దరి వెనక. గొడుగు పట్టుకుంటే చేతులు కట్టేసినట్టుంటుందని ఆయన గోల.

అక్క ముందు గోడల జోలికి పోదు. గుమ్మాల బయట చెప్పులు చూస్తుంది. ఎంతమంది ఉంటున్నారో, పిల్లలెందరో, ముసలివాళ్ళున్నారో లేదో చెప్పులే చెబుతాయంటుంది. తర్వాత మెట్ల మీద నిలబడి గాలి పీల్చి, చెమ్మ వాసన ఎంత ఉందో చూస్తుంది. కింద కుళాయిలన్నీ తిప్పి, పైకి నీళ్ళు ఎక్కుతున్నాయో లేదో చూస్తుంది. గోడల సంగతి బావది. ఆయన ఇళ్ళకి రంగులేసే కాంట్రాక్టరు. వేలి కణుపుతో గోడని కొట్టి, చెవి ఆనించి, డాక్టరు గొంతు పెట్టి, "దీనికి ఆయాసం. దీనికేం ఢోకా లేదు, నిండు నూరేళ్ళు," అని చెప్పేవాడు.

ఆ మేడకి మూడంతస్తులు. కింద బట్టలు కుట్టే ఆవిడ ఉంటుంది, మా అందరికీ ఆమె టైలరమ్మే. రెండో అంతస్తు కూడా నిండే ఉంది. మెట్ల మీద, వరండాల్లో, అన్నిచోట్లా పైనించి నీళ్ళు కారుతున్నాయి. పై అంతస్తులోది ఒక్కటే పోర్షన్, చాలాకాలంగా ఖాళీ అని అమ్మేవాడు చెప్పాడు. మేడ కప్పుకి నేరుగా కింద ఉన్నది అదే కాబట్టి, కారితే ముందు అదే కారాలి. తలుపు తీశాం. లోపల చుక్క నీరు లేదు. దుమ్మూ లేదు. ఎవరో ఇప్పుడే ఊడ్చి, పని మీద బయటికి వెళ్ళినట్టుంది.

గోడ మీద ఒకచోట, మంచం మీద కూర్చున్న మనిషి తల ఆనేంత ఎత్తులో, గుండ్రంగా నూనె మరక.

"ఎవడో తలకి దండిగా పట్టించేవాడు," అన్నాడు బావ దాన్ని గోటితో గీకుతూ. "మంచివాడే అయ్యుంటాడు పాపం."

"మంచివాడో కాదో మనకెందుకు. రంగు వేసెయ్యండి," అంది అక్క. అప్పటికే ఆవిడ కళ్ళల్లో అద్దెలు కూడికలైపోతున్నాయి.

కొన్నాం. బ్యాంకువాళ్ళు డబ్బు రెండు విడతల్లో ఇస్తామన్నారు. మొదటి విడతకి మేముంటున్న ఇల్లు తాకట్టు పెట్టుకున్నారు. రెండో విడత రావాలంటే మేడలో పోర్షన్లన్నీ అద్దెకి వెళ్ళి ఉండాలి. వాళ్ళ వాల్యుయర్, అంటే ఇంటికి విలువ కట్టే ఆయన, వచ్చి కళ్ళారా చూసుకుంటాడు. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చు. వానలు వెనకపట్టేలోగా రెండో విడత రాకపోతే అమ్మినవాడికి ఇచ్చిన మాట పోతుంది, మాటతోపాటు ఇచ్చిన డబ్బు పోతుంది, దానితోపాటు మేముంటున్న ఇల్లూ పోతుంది. ఇదంతా తెలిసే సంతకం పెట్టింది అక్క. అంత నమ్మకం ఆవిడకి తన లెక్క మీద.

కానీ పై పోర్షన్‌కి అద్దెవాళ్ళు కుదరలేదు. రాలేదని కాదు, చాలామంది వచ్చారు. మెట్లెక్కేదాకా బాగానే ఉండేవాళ్ళు. తలుపు తీసి లోపలికి అడుగుపెట్టగానే మొహాలు మారిపోయేవి. ఒకావిడ గుమ్మంలోంచే వెనక్కి తగ్గి, "అయ్యో, క్షమించండి," అంది.

"ఎవరికమ్మా చెబుతున్నావు? లోపలెవరూ లేరు," అన్నాను.

ఆవిడ నావైపు, ఖాళీ గదివైపు మార్చి మార్చి చూసింది. "ఏమోనండీ. ఎవరో ఉంటున్న ఇంట్లోకి చెప్పకుండా వచ్చినట్టనిపించింది," అని మొగుడి చెయ్యి పట్టుకుని దిగిపోయింది. ఇంకో ముసలాయనైతే మామీదే విరుచుకుపడ్డాడు. మనిషిని పెట్టుకుని ఖాళీ అని ఎలా చెబుతారండీ అని.

మరక సంగతి కూడా అంతే. బావ గీకి రంగు వేశాడు. మర్నాటికల్లా మళ్ళీ తేలింది. నూనె మరక అలాగే ఉబికి వస్తుందని, ముందు వేరే పూత వేసి దానిమీద రంగు వేయాలని చెప్పాడు. అదీ వేశాడు. అప్పుడూ తేలింది. ముప్ఫై ఇళ్ళ గోడలు చూసిన మనిషి, బుర్ర గోక్కుంటూ నిలబడ్డాడు.

"వదిలెయ్యండి," అంది అక్క ఉన్నట్టుండి. "ఉండనీండి మరక. అదుంటే ఎవరో కాపురముంటున్నట్టే ఉంది కదా."

అప్పుడు తట్టింది ఆవిడకి ఆ ఆలోచన. వాల్యుయర్ బావని ఎప్పుడూ చూడలేదు. మేడ అక్క పేరు మీద ఉంది. ఒక మంచం, నాలుగు గిన్నెలు, గుమ్మంలో ఒక జత చెప్పులు పెడితే బావే అద్దెవాడు.

ఆ పూట భోజనాల దగ్గర కూర్చుని అక్క అద్దెవాణ్ణి తయారుచేసింది. ఎవరైనా అడిగితే తడబడకూడదని ఒక్కో సంగతీ బావకి అప్పజెప్పింది.

"ఒంటరి మనిషి. ఆఫీసులో గుమాస్తా. పిల్లా జెల్లా లేరు, చుట్టపక్కాలు రారు. గోడకి మేకు కొట్టడు. పాటలు పాడడు. కుళాయి కారుతోంది, బల్బు పోయింది అని ఓనరు ప్రాణం తీయడు. ఒకటో తారీకున అడక్కుండా అద్దె తెచ్చిస్తాడు."

"వీడెవడే బాబూ, బొత్తిగా ఉప్పూ కారం లేని మనిషి!" అన్నాడు బావ.

"అలాంటివాడు దొరికితే ఓనర్లు కళ్ళకద్దుకుంటారు."

"అయితే పెళ్ళికి ముందే వాడి అడ్రసు కనుక్కోవలసింది. నేను మర్యాదగా తప్పుకునేవాణ్ణి కదా."

"కనుక్కున్నానండీ, దొరకలేదు. దొరికినవాడితో సరిపెట్టుకున్నాను," అంది అక్క, ఆయన కంచంలో ఇంకాస్త వడ్డిస్తూ. నాకు పొలమారింది. బావ నా నెత్తిమీద తట్టి, "నువ్వు చావకే మరదలు పిల్లా, రేపు నా ఇంటికి అప్పుడప్పుడూ క్యారేజీ తెచ్చేది నువ్వే," అన్నాడు.

వాల్యుయర్ వచ్చిన రోజు కూడా వానే. ముసలాయన, చంకలో తడిసిన సంచీ, చేతిలో కొలతల టేపు. కిందా మధ్యా కొలుచుకుని పైకొచ్చాడు. అక్కా నేనూ వెనకాలే ఉన్నాం. బావ మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల. ఆ తల సరిగ్గా మరక మీద ఉంది. అంగుళం అటూ ఇటూ కాలేదు.

వాల్యుయర్ ఆయన్ని చూసి చనువుగా నవ్వాడు. "నమస్కారమండీ. ఇంకా ఇక్కడే ఉంటున్నారా?"

"ఎక్కడికి పోతామండీ. అలవాటైపోయింది," అన్నాడు బావ లేచి చేతులు జోడిస్తూ. ఆ గొంతు ఎంత నెమ్మదిగా ఉందంటే, నాకు ఆశ్చర్యమేసింది. ఇంత నటన ఎక్కడ దాచుకున్నాడీయన అనుకున్నాను.

"పాత ఓనరు లోను తీసుకున్నప్పుడూ నేనే వచ్చానమ్మా," అన్నాడు వాల్యుయర్ అక్కతో. "అప్పుడూ ఈయన ఇక్కడే, ఇలాగే కూర్చుని ఉన్నారు. మర్యాదస్తులు. ఇలాంటివాళ్ళుంటే ఇంటి విలువ పెరుగుతుంది."

అక్క నా చెయ్యి గట్టిగా గిల్లింది. నవ్వు ఆపుకోలేక ఇద్దరం గోడవైపు తిరిగాం. ఈలోగా జల్లు లోపలికి కొట్టింది. వాల్యుయర్ కిటికీ మూయబోయాడు. అది రాలేదు. బావ వెళ్ళి, ఎడమచేత్తో రెక్కని కాస్త పైకెత్తి, మోకాలితో కింద ఒక్క పోటు పొడిచాడు. టక్కున మూసుకుంది.

ఇంటికొచ్చాక పగలబడి నవ్వుకున్నాం. "ఆ ముసలాయన్ని మా దుకాణానికి పంపించక్కా, మంచి అద్దాలు వేయిస్తాను," అన్నాను. బావ వాల్యుయర్ నడకని అనుకరిస్తూ హాలంతా తిరిగాడు.

"అది సరే గానీ బావా, కిటికీ కిటుకు ఎప్పుడు కనిపెట్టావు?"

"ఏ కిటికీ?" అన్నాడు.

రెండో విడత వచ్చేదాకా పడుకోవడం కూడా అక్కడేనని అక్క నిర్ణయించింది. మేడ మా పక్కవీధిలోనే. మొదట్లో బావ పొద్దున్నే వచ్చేసేవాడు, స్నానాలగదిలో గొంతెత్తి పాడేవాడు, తిని, రంగు డబ్బాలు పట్టుకుని పనికి పోయేవాడు. తర్వాత తర్వాత మధ్యాహ్నం వచ్చేవాడు. ఆ తర్వాత, "అక్కడే ఏదో ఒకటి వండుకున్నాన్లే," అనేవాడు. రంగు డబ్బాలు మా ఇంట్లోనే కదలకుండా ఉండిపోయేవి. వచ్చినప్పుడు కూడా ఇదివరకటిలా మంచంమీద వాలిపోయేవాడు కాదు. కుర్చీ అంచున కూర్చునేవాడు. అక్క ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించేవాడు.

"మీ బావకి బుద్ధొచ్చిందే," అని మురిసిపోయింది అక్క. నాకు మాత్రం ఆ కడిగిన గ్లాసు నచ్చలేదు. మా బావ పుట్టి బుద్ధెరిగి గ్లాసు కడిగినవాడు కాదు.

ఒకరోజు నేనే క్యారేజీ పట్టుకుని మేడకి వెళ్ళాను. మెట్ల మలుపులో ఆయన ఎదురయ్యాడు. చేతిలో నల్ల గొడుగు, మడతనలగని చొక్కా.

"ఏం బావా, గొడుగు కూడా పట్టేశావు! ఎవరా దొరగారు అనుకున్నాను," అన్నాను దారికడ్డంగా నిలబడి. ఇలా నిలబడితే ఆయన నా జడ పట్టి లాగి, నెత్తిమీద మొట్టి, ఏదో ఒకటి అనకుండా పోయిన రోజు లేదు.

ఆయన గోడకి ఒదిగి దారి ఇచ్చాడు. "మీరు వెళ్ళండి మేడమ్, ముందు మీరు వెళ్ళండి," అన్నాడు.

నటిస్తున్నాడనుకున్నాను. ఎవరైనా చూస్తున్నారేమోనని కిందకీ పైకీ చూశాను. ఎవరూ లేరు. ఆయన మొహంలో నవ్వు దాచుకున్న జాడ ఎక్కడా లేదు. తెలియని ఆడమనిషి మెట్లమీద ఎదురైతే మర్యాదస్తులెలా చూపు దించుకుంటారో అలా దించుకున్నాడు. గొడుగు పట్టుకున్న ఆ చేతి గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఎన్నేళ్ళుగానో ఆ గోళ్ళ సందుల్లో ఏదో ఒక రంగు ఉండేది. క్యారేజీ అక్కడే మెట్టుమీద పెట్టి కిందికొచ్చేశాను.

కింద టైలరమ్మ మిషను ఆపి నన్ను చూసింది. "ఏమ్మా, అలా పాలిపోయావు? కూర్చో, నీళ్ళిస్తాను."

"పైన ఆయన..." అని ఆగాను.

"ఆయనా? ఆయనతో ఏ పేచీ ఉండదమ్మా. ఎన్నేళ్ళనించి చూస్తున్నాను, ఒక్కనాడు గొంతు పెంచి మాట్లాడిందీ లేదు. మా అమ్మాయి కడుపులో ఉన్నప్పుడు నేను మెట్లమీద జారిపడితే ఆయనే కదా ఆస్పత్రికి తీసుకెళ్ళింది."

ఆ అమ్మాయి పక్కనే కూర్చుని బొత్తాలు కుడుతోంది. నా ఈడుదే ఉంటుంది.

"ఆయన మొన్న మొన్ననే వచ్చాడు కదండీ. మేం ఈ మేడ కొన్నాక," అన్నాను.

"భలేదానివే! మీరు కొనకముందు, ఆ ముందాయన కొనకముందు కూడా ఉన్నాడు. మధ్యలో ఎక్కడికో వెళ్ళాడు కొన్నాళ్ళు. మళ్ళీ వచ్చాడు, సంతోషం," అని ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

పరుగున ఇంటికొచ్చి అక్కకి అంతా చెప్పాను. ఆవిడ కాగితాల్లోంచి తలెత్తలేదు. "ఆయన సంగతి నీకు కొత్తా? ఆవిణ్ణి కూడా ఆటలో కలుపుకుని ఉంటాడు. మనల్ని భయపెట్టి చంపుదామని."

"ఆట కాదక్కా. నన్ను మేడమ్ అన్నాడు. ఇవాళే తీసుకొచ్చెయ్ ఇంటికి."

"తీసుకొస్తే, రేపు వాల్యుయర్ వస్తే? ఈ ఇల్లు పోతే ముగ్గురం ఎక్కడుంటాం?" అక్క పెన్ను మూసింది. "ఇంకెంత, రెండో విడత రానీ. వచ్చిన రోజే తీసుకొస్తాను. చెవి పట్టుకుని తీసుకొస్తాను." ఆ మాటంటూ ఒకసారి తలుపువైపు చూసింది. అయినా ఆవిడ లేవలేదు. లేచి ఉంటే ఏమయ్యేదో తెలీదు. అప్పటికింకా సమయం ఉందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది నాకు.

ఒకటో తారీకు పొద్దున మా ఇంటి గంట మోగింది. అక్క తలుపు తీసింది. గుమ్మంలో బావ. జేబులో తాళంచెవి పెట్టుకుని తిరిగే తన ఇంటికి, గంట కొట్టి వచ్చాడు.

"ఒకటో తారీకు కదండీ," అని కవరు అందించాడు.

అక్క నవ్వేసింది. "చాల్లెండి నాటకం. లోపలికి రండి, టిఫిను చల్లారిపోతోంది."

"తినే వచ్చానండీ. రసీదు నిదానంగా ఇచ్చినా ఫర్వాలేదు." అక్క భుజం మీదుగా హాల్లోకి ఆయన చూపు ఒక్కసారి వెళ్ళింది, ఇతరుల ఇంట్లోకి చూడకూడదన్నట్టు మళ్ళీ తిప్పుకున్నాడు. హాల్లో ఆయన కుర్చీ, ఆయన తువ్వాలు, ఆయన కొట్టిన మేకులకి ఆయన తగిలించిన చొక్కాలు. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. వీధిలోకి వెళ్ళాక గొడుగు విప్పుకోవడం కిటికీలోంచి చూశాం.

అక్క కవరు విప్పింది. అద్దె సరిగ్గా ఉంది. "ఈ డబ్బు ఎక్కడిదే ఈయనకి?" అంది. "రంగు పని మానేసి ఎన్నాళ్ళయింది. జేబులో చిల్లర కూడా నేనే పెడతాను కదే." అంటూ అంటూనే కుర్చీలో కూలబడింది. టిఫిను అలాగే ఉండిపోయింది, ఆ పూట ఎవరం తినలేదు.

మాకు తెలిసిన డాక్టరుగారిని, ఇల్లు చూడడానికి వచ్చినట్టు పైకి పంపించాం. ఆయన చాలాసేపు మాట్లాడి దిగివచ్చాడు. "మనిషికేం లేదమ్మా. నాడి బాగుంది, మాట బాగుంది. ఎవరు, ఏం చేస్తారు, ఎంతకాలంగా ఉంటున్నారు అని అడిగితే తడుముకోకుండా చెప్పారు." ఏం చెప్పాడో కూడా విన్నాం. ఒంటరివాణ్ణి, గుమాస్తాని, చుట్టాలెవరూ లేరు. ఒక్కో ముక్కా భోజనాల దగ్గర అక్క అప్పజెప్పినదే. పెళ్ళయిందా అని అడిగితే, "ఆ యోగం లేదండీ," అని నవ్వాడట.

ఆ రోజు నేను నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను. "ఇంకెందుకు ఏడుస్తావు? మేకు కొట్టడు, పాట పాడడు, అడక్కుండా డబ్బిస్తాడు. నీకు కావలసినవాడే వచ్చాడు కదా," అన్నాను.

అక్క తిట్టలేదు. "నేను ఊరికే అన్నానే," అంది చిన్నపిల్లలా. "ఆయన్ని ఏదో ఒకటి అనడం నాకు అలవాటు. ఆయనంటే నాకు ప్రాణమని నీకు తెలుసు కదే. ఆయనకీ తెలుసు కదే?" నేను ఆవిణ్ణి పట్టుకుని ఏడ్చాను. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, చూరు నీళ్ళ చప్పుడు ఒకటే వినబడుతోంది.

ఆ తర్వాత వాల్యుయర్ ఒకసారి చెప్పకుండా వచ్చి వెళ్ళాడు. పై పోర్షన్ గురించి చాలా మెచ్చుకున్నాడు. వానలు తగ్గుముఖం పట్టాయి గానీ ఇంకా వెనకపట్టలేదు. ఒకరోజు బ్యాంకు నుంచి కబురొచ్చింది, రెండో విడత వచ్చేసింది. అమ్మినవాడి బాకీ తీరింది, మా ఇల్లు మాకు దక్కింది. అక్క బ్యాంకు నుంచి ఇంటికి కూడా రాలేదు. నేరుగా మా దుకాణానికొచ్చి, "పద," అంది.

చాలా రోజుల తర్వాత కాసిన ఎండ. మెట్లన్నీ ఆరిపోయి ఉన్నాయి. అక్క ఆయాసపడుతూ ఎక్కి తలుపు తట్టింది. బావ తీశాడు. మమ్మల్ని చూసి చొక్కా బొత్తాలు సర్దుకున్నాడు.

"రండి, రండి. ఏమైనా పనుందా అండీ?"

"అయిపోయిందండీ," అంది అక్క. "డబ్బొచ్చేసింది. ఇంక ఈ గోల మనకొద్దు. ఇంటికి పోదాం పదండి."

ఆయన మొహం వాడిపోయింది. "ఖాళీ చేయమంటున్నారా?"

"అది కాదండీ..."

"నావల్ల ఏం తప్పు జరిగిందో చెప్పండి. అద్దె ఎప్పుడైనా ఆలస్యం చేశానా? గోడలు పాడుచేశానా?"

"పాడుచెయ్యండి!" అక్క గుమ్మం పట్టుకుని భోరుమంది. "మేకులు కొట్టండి. నెత్తిమీద ఇల్లెగిరిపోయేలా పాడండి. నేనొక్క మాటంటే చెప్పుతో కొట్టండి. ఇంటికి మాత్రం రండి."

ఆయన భయపడి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. "బావా, నేను. నీ మరదలు పిల్లని. ఒక్కసారి నన్ను మొట్టు." ఆయన ఎంతో జాగ్రత్తగా, నాకు నొప్పి కలగకుండా, నా వేళ్ళు ఒక్కొక్కటీ విడిపించుకున్నాడు. ఆ కళ్ళల్లో కోపం లేదు, జాలి ఉంది. ఎవరో పరాయివాళ్ళ ఇంట్లో ఏదో కష్టం వచ్చిందని తెలిసినప్పుడు కలిగే జాలి అది.

"మీరు బాధపడకండి," అన్నాడు. "ఇల్లు మీది, పొమ్మంటే పోతాను. నాకు సామానేముంది. ఇవాళే వెళ్ళిపోతాను. ఇక్కడ దొరక్కపోతే వేరే ఊళ్ళో చూసుకుంటాను." అంటూనే మంచం కిందనించి పెట్టె లాగాడు. మడతపెట్టిన చొక్కాలు అందులో సర్దడం మొదలుపెట్టాడు.

అక్క ఏడుపు ఠక్కున ఆగిపోయింది. ఒకటి, రెండు, ఆ చొక్కాలు పెట్టెలోకి వెళ్ళడం చూస్తూ నిలబడింది. ఇళ్ళ బేరాల దగ్గర ఆవిడ అలా నిలబడడం చాలాసార్లు చూశాను. ఏది వదులుకోవాలో, ఏది మిగుల్చుకోవాలో తేల్చుకునేటప్పుడు అలాగే నిలబడుతుంది. పైటకొంగుతో మొహం తుడుచుకుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు అది ఓనరు గొంతు.

"వద్దండీ, సర్దకండి. మిమ్మల్నెవరూ ఖాళీ చేయమనలేదు. నాకు ఒంట్లో బాగాలేదు, ఏదేదో మాట్లాడాను. మీరు ఎన్నాళ్ళైనా ఉండండి."

"నిజంగానా అండీ?"

"నిజంగానే. అద్దె కూడా పెంచను." అక్క గొంతు సవరించుకుంది. "కాకపోతే, ఓనరుని కదా. అప్పుడప్పుడూ వచ్చి ఇల్లు చూసుకోవచ్చా?"

"ఎంతమాట, మీ ఇల్లే కదా. ముందు ఒక మాట చెప్పి రండి, అంతే."

"అయితే రేపొస్తాను," అంది అక్క, ఆయన మాట ఇంకా పూర్తికాకముందే.

బావ పెట్టెలోంచి చొక్కా తీసి మళ్ళీ మంచం మీద పెట్టాడు. తలుపు దాకా వచ్చి మాకు నమస్కారం పెట్టాడు. "ఇప్పుడే కదండీ చూశారు," అని నవ్వాడు మర్యాదగా. "వచ్చే నెల రండి."